ఇంప్లాంట్ వేయించుకున్న వారం రోజులకే అమ్మ కొండ మెట్లు ఎక్కవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చిత్తూరు. మా అమ్మకు 58 ఏళ్ళు, చాలాకాలంగా షుగర్ ఉంది. కుడివైపు పైన ఒకటి, కింద ఒకటి దవడ పళ్ళు ఊడిపోతే మూడు రోజుల కిందట తిరుపతిలో రెండుచోట్లా ఇంప్లాంట్లు (కొత్త పన్ను నిలబెట్టడానికి దవడ ఎముకలో బిగించే స్క్రూలు) వేయించాము. మొదటి రోజు బాగానే ఉంది గాని, ఈ రోజు బుగ్గ ఇంకా ఎక్కువగా వాచింది. దవడ కింద కమిలినట్లు మచ్చ వచ్చింది. కుట్ల దగ్గర తెల్లగా ఏదో పట్టింది. పక్కింటివారు లవంగ నూనె పెట్టమంటున్నారు. అమ్మ సంగటి తప్ప ఏదీ ముట్టడం లేదు, అదీ సగం ముద్దే. సరిగా తినడం లేదు కదా అని నిన్నటి నుంచి షుగర్ మాత్రలు ఆపేసింది. భోజనమైతే ఆకువక్క వేసుకోవడం అలవాటు. ఎడమవైపు నములుతాను, ఏమీ కాదంటోంది. వచ్చే వారం అలిపిరి నుంచి నడిచి వెళ్ళి తలనీలాలు ఇచ్చే మొక్కు ఉంది. వెళ్ళవచ్చా? పళ్ళు ఎప్పుడు పెడతారు?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: మీ ఉత్తరంలో సగానికి పైగా వాపు గురించే ఉంది. షుగర్ మాత్రలు ఆపిన సంగతీ, ఆకువక్క సంగతీ ఒక్కొక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం వాపు గురించి పెద్ద బెంగ లేదు. ఆ రెండు వాక్యాలే నన్ను ఆందోళనపెట్టాయి. అందువల్ల మీరు అడిగిన వరుసను కాస్త మార్చి, ముందు వాటి గురించే రాస్తున్నాను.

మాత్రలు తనంతట తాను ఆపడం సరికాదు. అయితే సగం ముద్ద తిని మాత్రలన్నీ మామూలుగా వేసుకోమని కూడా నేను చెప్పలేను, ఎందుకంటే గ్లిమెపిరైడ్ వంటి మందులు తిండి తగ్గినప్పుడు షుగరును ప్రమాదకరంగా పడగొట్టగలవు. కాబట్టి ఈ రోజే అమ్మ షుగరు చూసే డాక్టరుకు ఫోను చేసి, ఆపరేషన్ జరిగిందనీ, ఎంత తింటున్నారనీ, ఏయే మాత్రలు వాడుతున్నారనీ చెప్పి, ఏది కొనసాగించాలో, ఏది తగ్గించాలో అడగండి. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే పొద్దున పరగడుపున ఒకసారి, సాయంత్రం తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి కాగితం మీద రాసిపెట్టండి. 70 కన్నా తగ్గినా, లేదా చెమటలు పట్టి చేతులు వణికినా, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. 250 దాటి అక్కడే ఉంటున్నట్లయితే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నన్నాళ్ళూ చిగురు గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది, ఎముక ఇంప్లాంటును పట్టుకోవడం కూడా మందగిస్తుంది. షుగర్ అదుపులో ఉన్నవారికి ఇంప్లాంట్లు చక్కగానే నిలుస్తాయి; అందుకే ఆపరేషనుకు ముందు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష చేయిస్తాము. ఆ పరీక్షలో బాగున్నంత మాత్రాన ఆ తర్వాతి వారాల్లో మందులు మానేస్తే ఫలితం ఉండదు.

ఇక వాపు. ఇంప్లాంటు వేయాలంటే చిగురును కోసి, కొంత పక్కకు తీసి, ఎముకలో రంధ్రం చేయాలి. దానికి శరీరం స్పందించి ద్రవాన్ని అక్కడికి చేరుస్తుంది. ఆ వాపు మొదటి రోజు కాదు, రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరుతుంది. మీరు ఇప్పుడు చూస్తున్నది అదే. రేపటి నుంచి తగ్గుముఖం పట్టాలి. దవడ కింద మచ్చ లోపల కారిన కొద్దిపాటి రక్తం చర్మం కిందుగా జారడం వల్ల వచ్చినది. అది నీలం నుంచి ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ ఒకటి రెండు వారాల్లో పోతుంది. ఒక్కోసారి మెడ దాకా దిగి ఇంట్లోవారిని హడలగొడుతుంది గాని, నొప్పీ జ్వరమూ లేకపోతే దానికి చేయవలసిందేమీ లేదు. ఐసు పెట్టడం వల్ల మేలు మొదటి రెండు రోజులకే. ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళలో తడిపి పిండిన గుడ్డను బయట నుంచి బుగ్గకు కాపడంగా పెట్టవచ్చు. పడుకునేటప్పుడు రెండు దిండ్లు వేసి తల ఎత్తుగా ఉంచండి.

కుట్ల దగ్గర తెల్లటి పొర చీము కాదు. బయట చేతి మీద గాయానికి గోధుమరంగు పెచ్చు కట్టినట్లు, లాలాజలంలో నానే నోటిగాయానికి పలుచటి తెల్లపొర కడుతుంది. దాని కిందనే కొత్త చర్మం పుడుతుంది. దూదితోనో, వేలికి చుట్టిన గుడ్డతోనో దాన్ని తుడిచి తీసేస్తే గాయం మళ్ళీ మొదటికి వస్తుంది. చీమైతే పసుపుపచ్చగా ఉంటుంది, నొక్కితే కారుతుంది, దుర్వాసన వేస్తుంది, నొప్పి పెరుగుతుంది. ఇంకొకటి: పరామర్శకు వచ్చిన ప్రతివారికీ బుగ్గ పట్టి లాగి సెల్‌ఫోను లైటు వేసి చూపించడం మన ఇళ్ళలో మామూలు. అలా లాగిన ప్రతిసారీ కుట్లు ఒరుసుకుంటాయి. చూడాలనుకుంటే మీరొక్కరే, రోజుకొకసారి, పెదవిని మెల్లగా ఎత్తి చూస్తే చాలు.

లవంగ నూనె వద్దు. పుచ్చిపోయిన పంటి నొప్పికి అది పనికొస్తుంది, కాదనను. కాని పచ్చి గాయం మీద అది మంట పుట్టించి కణజాలాన్ని కాలుస్తుంది. పసుపు అద్దడం, రాళ్ళ ఉప్పు నొక్కిపెట్టడం, వేపపుల్లతో తోమడం, నూనె పుక్కిలించడం కూడా కుట్లు తీసేవరకు మానుకోవాలి. శుభ్రత మాత్రం మానుకోకూడదు. మిగతా పళ్ళను మెత్తటి బ్రష్షుతో మామూలుగా తోమాలి, కుట్ల దగ్గరకు మాత్రం పోకూడదు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు కరిగించి, నోట్లో పోసుకుని తలను అటూ ఇటూ వంచి, నోరు తెరిచి బేసినులోకి దానంతట అది జారిపోయేలా వదలాలి. బుగ్గలు ఉబ్బించి గట్టిగా పుక్కిలించడం, ఖాండ్రించి ఉమ్మడం కూడదు. భోజనమైన ప్రతిసారీ ఇలా చేయవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్ళు రాసి ఉంటే రోజుకు రెండుసార్లు, పేస్టుతో తోమిన వెంటనే కాకుండా అరగంట ఆగి వాడండి. పేస్టులోని నురగ పదార్థం ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. రెండు వారాలు వాడితే పళ్ళ మీద గోధుమరంగు మరకలు పడవచ్చు, తర్వాత క్లీనింగుతో పోతాయి.

మాత్రల గురించి క్లుప్తంగా. యాంటీబయాటిక్ రాసి ఉంటే నొప్పి తగ్గిందని మధ్యలో ఆపవద్దు. నొప్పికి మీ డెంటిస్టు రాసినది తప్ప మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మరో మాత్ర కలపవద్దు, ఎందుకంటే షాపులో ఇచ్చే చాలా నొప్పి మాత్రల్లో పారాసెటమాల్ ఇప్పటికే కలిసి ఉంటుంది. పైగా షుగరుతో పాటు బీపీ గాని, మూత్రపిండాల ఇబ్బంది గాని ఉన్నవారికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కోవలోని మందులు చేటు చేయవచ్చు. అమ్మ గుండె కోసం ఆస్పిరిన్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలో, ఎముకల బలహీనతకు మాత్రలో సూదిమందో వాడుతూ ఉండి, ఆ సంగతి ఆపరేషన్ ముందు చెప్పకపోయి ఉంటే, ఇప్పుడైనా డెంటిస్టుకు చెప్పండి. వాటిని మీరుగా ఆపవద్దు.

సంగటి విషయంలో అమ్మతో నేను ఏకీభవిస్తాను. నమలకుండా మింగే అలవాటున్న తిండి మన జిల్లాలో ఉండడం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారి అదృష్టం. కాని మూడు సంగతులు చూసుకోవాలి. పొగలు కక్కే ముద్దను అలాగే నోట్లో వేసుకోకుండా గోరువెచ్చగా అయ్యేవరకు ఆగాలి. సంగటిలోకి ఊరిబిండి వద్దు. బరకగా నూరిన వేరుశనగ పలుకులు సరిగ్గా కుట్ల సందున చేరి కూర్చుంటాయి, కారం సరేసరి. నాటుకోడి పులుసు ఇష్టమైతే కారం తగ్గించి ఒట్టి పులుసు మాత్రమే పోయండి, ఎముకముక్క పొరపాటున కూడా రాకూడదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఒట్టి సంగటి వల్ల కడుపు నిండుతుంది గాని గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు చాలవు. మెత్తగా ఎనిపిన కందిపప్పు, కారం తగ్గించిన పుల్లగూర, పెరుగు, ఉడికించి నలిపిన గుడ్డు, పాలు, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. షుగర్ ఉన్నవారికి రాగి అంబలి మేలని ఎంతైనా తాగించేవారున్నారు. పలుచటి జావగా తాగినప్పుడు అది చక్కెరను తొందరగానే పెంచుతుంది. మజ్జిగ కలిపి, ఒక గ్లాసుకు పరిమితం చేసి, పప్పో గుడ్డో తోడుగా ఇవ్వండి. ఒకేసారి తినలేకపోతే రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టడం మంచిది. ఏది తాగినా గ్లాసుతోనే తాగాలి, స్ట్రా వద్దు. పీల్చినప్పుడు గాయం మీది రక్తపు గడ్డ కదులుతుంది.

ఆకువక్క మాత్రం ఎడమవైపు కూడా వద్దు. నమిలేది ఎడమవైపైనా ఊరే రసం నోరంతా తిరుగుతుంది. అందులోని సున్నం పచ్చి చిగురును కొరుకుతుంది, వక్క పీచు ఎక్కడికైనా చేరుతుంది, పొగాకు కూడా కలిపే అలవాటుంటే అది రక్తనాళాలను ముడుచుకునేలా చేసి గాయానికి రక్తం అందకుండా చేస్తుంది. పొగాకు వాడేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం వాడనివారికన్నా ఎక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. పొగాకు లేకుండా ఒట్టి వక్క నమిలితే ఏమీ కాదనే నమ్మకం మన పెద్దవాళ్ళలో బలంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఒట్టి వక్కను కూడా క్యాన్సర్ కారకాల జాబితాలోనే చేర్చింది. ఏళ్ళ తరబడి వక్క నమిలినవారికి బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం మేము తరచుగా చూసేదే. అమ్మను ఒక్కసారిగా జన్మలో ముట్టుకోవద్దంటే వినకపోవచ్చు. పళ్ళు బిగించేదాకా వద్దని చెప్పండి, ఆ నెలలన్నీ గడిచాక మిగతా సంగతి మాట్లాడుకోవచ్చు.

పళ్ళు ఎప్పుడు పెడతారన్న ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఎముకలో ఏం జరుగుతుందో కొంత తెలియాలి. 1952 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో రక్తప్రసారాన్ని గమనించడానికి టైటానియంతో చేసిన పరికరాన్ని అమర్చాడు. పని ముగిశాక తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుని పెరిగింది. ఆ గుణాన్ని ఆధారం చేసుకుని ఆయన 1965లో మనిషి దవడలో తొలి ఇంప్లాంట్లు వేశాడు. మీ అమ్మ దవడలో ఉన్నవీ ఆ సూత్రం మీదనే నిలుస్తాయి. వేసిన రోజున స్క్రూ మరలు ఎముకను గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత శరీరం మరల చుట్టూ నలిగిన పాత ఎముకను కరిగించి, దాని స్థానంలో కొత్త ఎముకను కడుతుంది. పాతది కరిగి, కొత్తది ఇంకా గట్టిపడని ఆ మధ్యకాలంలో, అంటే సుమారు మూడు నాలుగు వారాలప్పుడు, ఇంప్లాంటు పట్టు మొదటి రోజుకన్నా తక్కువగా ఉంటుంది.

అప్పటికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, కుట్లు తీసేసి ఉంటారు. ఇక అంతా మానిందనుకుని మురుకులో, చెగోడీలో, వేయించిన పల్లీలో కుడివైపు వేసుకుని పటపటా నమిలేది సరిగ్గా అప్పుడే. మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త మించిన కదలిక పదేపదే కలిగితే చాలు, ఇంప్లాంటు చుట్టూ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది, అది ఇక నిలవదు. కాబట్టి ఈ వారంలో మీరు తీసుకుంటున్న శ్రద్ధలో సగమైనా రెండో నెల దాకా మిగుల్చుకోండి. కింది దవడ ఎముక గట్టిది గనుక సాధారణంగా మూడు నెలలకు, పై దవడ ఎముక కొంత గుల్లగా ఉంటుంది గనుక నాలుగు నుంచి ఆరు నెలలకు పళ్ళు బిగిస్తారు. ఎముక పొడి వేసి ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు. చిగురు పైకి చిన్న లోహపు మూత కనబడుతూ ఉంటే దాన్ని నాలుకతో తిప్పవద్దనండి. వదులై ఊడివస్తే మీరు బిగించవద్దు, శుభ్రమైన డబ్బాలో పెట్టి అదే రోజో మర్నాడో క్లినిక్కుకు తీసుకువెళ్ళండి, చిగురు తొందరగా మూసుకుపోతుంది.

ఇప్పుడు మొక్కు. వచ్చే వారం మెట్లు ఎక్కవద్దని స్పష్టంగా చెబుతున్నాను. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి, దూరం తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. శ్రీవారి మెట్టు దారి పొట్టిది గాని నిటారుగా ఉంటుంది. అంత శ్రమ చేస్తే రక్తపోటు పెరిగి మానుతున్న గాయం నుంచి మళ్ళీ రక్తం రావచ్చు. అన్నిటినీ మించి, సగం ముద్ద తింటూ షుగర్ మాత్రలు వాడే మనిషికి ఏ గాలిగోపురం దగ్గరో చక్కెర పడిపోతే పరిస్థితి ఏమిటి? తలనీలాలు ఇవ్వడానికి మాత్రం పంటి తరఫున అభ్యంతరం లేదు. తేదీ మార్చడం కుదరనే కుదరదంటే, కుట్లు తీసి డెంటిస్టు సరేనన్న తర్వాత బస్సులో వెళ్ళి ఇచ్చి రావచ్చు. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే తత్వమైతే ముందుగానే డాక్టరును అడిగి మాత్ర వేసుకోవాలి. నడక మొక్కును నెల పైన వాయిదా వేసుకోమని నా సలహా, అదీ షుగర్ కుదురుకున్నాక. ఎలాగూ ప్రస్తావన వచ్చింది గనుక పంటితో సంబంధం లేని మాట ఒకటి: షుగర్ చాలాకాలంగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, వట్టి కాళ్ళతో ఎక్కితే గాయమైనా తెలియదు. ఎక్కే ముందు పాదాలు పరీక్ష చేయించండి. లడ్డూ ప్రసాదం అమ్మ ముట్టకుండా ఉండడం కష్టమే. కలకండ పలుకులు, జీడిపప్పు, ఏలక్కాయ గింజలు తీసేసి, చిటికెడు మెత్తగా నలిపి నాలుక మీద వేసుకుంటే చాలు.

పైన వేసిన ఇంప్లాంటు విషయంలో అదనపు జాగ్రత్త ఒకటుంది. పై దవడ పళ్ళ వేర్లకు పైన ముక్కుకు సంబంధించిన గాలి గది ఉంటుంది. రెండు మూడు వారాల పాటు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే ముక్కు నొక్కి ఆపకుండా నోరు తెరిచి తుమ్మాలి. తాగిన నీళ్ళు ముక్కులోకి వస్తున్నట్లున్నా, ఆ వైపు ముక్కు నుంచి రక్తమో దుర్వాసనో వస్తున్నా డెంటిస్టుకు చెప్పాలి.

కింది ఇంప్లాంటుకు సంబంధించి ఈ రోజే ఒక పరీక్ష చేయండి. అమ్మను కళ్ళు మూసుకోమని, దూది కొసతో ముందు ఎడమవైపు కింది పెదవిని, గడ్డాన్ని, తర్వాత కుడివైపు అదేచోట తాకి, రెండువైపులా ఒకేలా తెలుస్తోందా అని అడగండి. కుడివైపు మొద్దుబారినట్లో, చీమలు పాకినట్లో ఉందంటే మత్తు సూది ప్రభావం అనుకుని ఊరుకోవద్దు. ఆ మత్తు కొన్ని గంటలకే పోవాలి. మూడో రోజుకూ అలా ఉందంటే దవడ ఎముకలో పోయే నరం మీద ఒత్తిడి పడి ఉండవచ్చు, ఆలస్యం చేసిన కొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది కాబట్టి ఉత్తరం పక్కన పెట్టి వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేయండి.

రేపటి తర్వాత కూడా వాపు పెరుగుతూ ఉన్నా, తగ్గిన నొప్పి తిరగబెట్టినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, శుభ్రమైన గుడ్డముక్క మడిచి అరగంట గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోయినా, ఇంప్లాంటు కదులుతున్నట్లు తోచినా అదే రోజు చూపించాలి. మింగడం కష్టమైనా, నాలుక కింద వాచి మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఆడకపోయినా డెంటిస్టు క్లినిక్కు తెరిచేదాకా ఆగకుండా 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఇది అరుదు, కాని షుగర్ అదుపు తప్పినవారిలో దవడ ఇన్‌ఫెక్షన్ ఒక్క రాత్రిలో గొంతు దాకా దిగగలదు.

కుట్లు సాధారణంగా ఏడు నుంచి పది రోజుల మధ్య తీస్తారు. కరిగిపోయే దారం వాడినా ఆ రోజు వెళ్ళి చూపించుకోవాలి. వెళ్ళేటప్పుడు మీరు రాసిపెట్టిన షుగర్ కాగితం, అమ్మ వాడే మందుల షీట్లన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్ళండి. ఇంప్లాంటు కంపెనీ పేరు, పొడవు, వెడల్పు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరో కార్డో అడిగి తీసుకోండి. కొన్నేళ్ళ తర్వాత స్క్రూ వదులైనా, అమ్మ వేరే ఊళ్ళో ఉన్నా, ఏ డాక్టరైనా ముందుగా అడిగేది ఆ వివరాలే. ఆధార్ కార్డు పెట్టిన చోటే దాన్నీ పెట్టండి.